మా కాలేజీకి 'వాతావరణ మార్పు' కింద డబ్బొచ్చింది, మళ్ళీ మొక్కలేనా?

రసాయనం_టీచరమ్మ
ఒడిశాలో బరంపురం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. పోయిన వారం స్టాఫ్ మీటింగ్‌కి వెళ్ళలేదు. రానివాళ్ళ నెత్తినే బరువు పడుతుంది కదా, ఎకో క్లబ్ కన్వీనర్ని చేసేశారు. వాతావరణ మార్పు పద్దు కింద లక్షన్నర వచ్చిందట. మార్చి లోపల ఖర్చుపెట్టి బిల్లులు పంపాలి. కమిటీ అప్పుడే తేల్చేసింది: మూడొందల మొక్కలు, ఒక ఫ్లెక్సీ, ఒకరోజు సెమినార్, ముఖ్య అతిథికి శాలువా, అందరికీ సమోసా, టీ.

ఎనిమిదేళ్ళుగా ఇదే చూస్తున్నాను. నిరుడు జులైలో రెండొందల మొక్కలు నాటాం. మొన్న లెక్కపెడితే పదకొండు బతికున్నాయి. వాటిలోనూ నాలుగు మేం నాటినవి కావు, వాటంతటవే మొలిచిన వేపలు. వచ్చే ఏడు కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ వాళ్ళు వస్తారు, వాళ్ళ తనిఖీలో గ్రీన్ ఆడిట్ ఉంటుంది, ఫొటోలు మాత్రం పక్కాగా ఉండాలని ప్రిన్సిపాల్ గారి ఆజ్ఞ.

ఈ డబ్బుతో, ఈ ఊళ్ళో, పనికొచ్చేది ఏదైనా చెయ్యగలమా అన్నదే నా టెన్షన్. కాలేజీలు, యూనివర్సిటీలు, మున్సిపాలిటీ, బ్లాక్ ఆఫీసు చేతిలో ఉన్న పని ఏంటి? 'ప్లాస్టిక్ వాడకండి' లాంటివి వద్దు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ వైపు మీ కళ్ళతో చూసినవి చెప్పండి.

మేకపిల్ల_మాస్టారు
లబ్ధిదారుల జాబితాలో మా మేకల పేర్లు కూడా రాయండి మేడమ్. 189 మొక్కలు తిన్నాయి, ఒక్క బిల్లూ పెట్టలేదు.

లెక్కలపంతులు
193. నాలుగు వేపలు వాళ్ళు నాటినవి కావన్నారు కదా.

ఉప్పుగాలి
మాది గోపాల్‌పూర్ దగ్గర పల్లె. వేటే మా బతుకు. మా నాన్న తెప్ప మీద వెళ్ళేవాడు, నేను ఫైబర్ బోటు మీద. మొక్కల సంగతి నాకు తెలీదు గానీ సర్కారు సరిగ్గా చేసిన పని ఒకటి ముందు చెప్తాను, తర్వాత తిడతాను.

మా పక్కనున్న వెంకట్రాయిపురానికి 2020 ఆగస్టులో యునెస్కో 'సునామీ రెడీ' గుర్తింపు ఇచ్చింది. దేశంలో మొదట దక్కించుకున్నవి రెండే ఊళ్ళు, ఇది ఒకటి, జగత్‌సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహి ఒకటి. 2024 నాటికి ఒడిశాలో 26 అయ్యాయి. కాగితం కోసం ఇచ్చింది కాదు. ఎవరింట్లో మంచం దిగలేని ముసలాళ్ళున్నారు, ఎవరింట్లో నెలలు నిండిన పిల్ల ఉంది, ఏ సందులోంచి షెల్టర్‌కి పోవాలి, సైరన్ మోగితే ఎవరు ఎవర్ని మొయ్యాలి, అన్నీ ముందే రాసుకుని రిహార్సల్ చేస్తారు.

2013లో ఫైలిన్ వచ్చింది అష్టమి నాడు. ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని కదిలించారు. మా మామ్మ 1999 అక్టోబర్ 17 గాలి చూసిన మనిషి (సూపర్ సైక్లోన్ దానికి పన్నెండు రోజుల తర్వాత, మమ్మల్ని ముందే ఉతికేసింది). అయినా కోళ్ళ గంప వదిలి రానంటే రానంది. గంపతో సహా ఎత్తుకుపోయాం. 99లో సూపర్ సైక్లోన్‌కి రాష్ట్రంలో సుమారు పదివేల మంది పోయారు. ఫైలిన్‌కి పోయినవాళ్ళు పదుల్లో. ఇది ఊరికే రాలేదు.

ఇప్పుడు తిట్టు. మా నాన్నకి ఒడియా మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. మైకులో చెప్తే అర్థమవుతుంది, గోడ మీద అంటిస్తే అది ఆయనకి బొమ్మ. మా పల్లెల్లో నడివయసు దాటిన ఆడవాళ్ళు చాలామంది అంతే. మీ కాలేజీలో తెలుగు పిల్లలు ఉంటారు కదా. ఎండకి, పిడుగుకి, తుఫానుకి ఏం చెయ్యాలో ఒక్కో కాగితం మా తెలుగులో, మేం మాట్లాడే తెలుగులో రాయించండి. టీవీ తెలుగు వద్దు.

లెక్కలపంతులు
ఉప్పుగాలి చెప్పింది మంచి పనే, కాదనను. కానీ అది విపత్తు నిర్వహణ. టీచరమ్మ అడిగింది వాతావరణ మార్పు గురించి. బొగ్గు, డీజిల్ మంటలు తగ్గించడం అసలు పని. కాలేజీ ముందు తన కరెంటు బిల్లు చూసుకోవాలి. స్టాఫ్ రూమ్‌లో ఏసీ 18లో పెట్టి స్వెటర్ వేసుకుని కూర్చునేవాళ్ళని నేను చూశాను.

ఉప్పుగాలి
మీ స్టాఫ్ రూమ్ ఏసీ ఆపితే సముద్రం వెనక్కి పోతుందా పంతులుగారూ? పొదంపేట వెళ్ళి చూడండి. ఊరు ఊరంతా కోతకి పోతే జనాన్ని వెనక్కి తీసుకెళ్ళి పెట్టారు.

లెక్కలపంతులు
పోదు. ఆపకపోతే ఇంకా ముందుకి వస్తుంది. రెండూ చెయ్యాలంటున్నాను.

థీసిస్_బూజు
ఇద్దరి మధ్యలో దూరుతున్నాను. మన దేశంలో మనిషికి ఏడాదికి సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్, ప్రపంచ సగటులో సగం కూడా కాదు. గంజాం పల్లెలో మనిషిది అందులోనూ ఎంత? కాబట్టి మన వైపు చర్చ ఎక్కువగా తట్టుకోవడం గురించే ఉండాలి. లెక్కలపంతులు గారి ఏసీ మాత్రం ఆపాల్సిందే, అది వేరే కారణానికి: మే నెల సాయంత్రం ఏడింటికి ట్రాన్స్‌ఫార్మర్ పేలేది ఇలాంటి ఏసీల వల్లే.

పొదంపేట గురించి ఒక మాట. అన్నీ వాతావరణ మార్పు ఖాతాలో వెయ్యకండి. ఒడ్డు కోతకి కారణాలు చాలా. ఎక్కడ కోసుకుపోతోంది, ఎక్కడ ఇసుక పేరుకుంటోంది అన్నది చోటుని బట్టి, పోర్టు గోడల్ని బట్టి, నది మూతల్ని బట్టి మారుతుంది. 1990 నుంచి 2018 దాకా చూస్తే దేశ తీరంలో దాదాపు మూడో వంతు కోతకి గురైందని చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం లెక్క.

మేకపిల్ల_మాస్టారు
థీసిస్_బూజు అన్న పేరు చూసి నిజం చెప్తాడనిపించింది, చెప్పాడు.

మహేంద్రగిరి_మబ్బు
మాది పర్లాకిమిడి. తుఫాను అంటే సముద్రం వాళ్ళ గొడవ అనుకునేవాళ్ళం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. దాటి, బలం తగ్గి పోవాలి కదా? అది లోపలికొచ్చి ఈశాన్యానికి తిరిగింది. మా కొండల మీద ఒకటే వాన. మహేంద్రతనయ, వంశధార రెండూ పొంగాయి. బరఘరా అనే కొండ ఊళ్ళో వాన తప్పించుకోడానికి గుహలో దూరినవాళ్ళ మీద చరియ విరిగి పడింది. వాళ్ళని చంపింది గాలి కాదు, నీరు నానిన కొండ.

షెల్టర్లు కట్టింది ఒడ్డున. 2018లోనే సైరన్ టవర్లు 122 పెట్టారు, ఆరు తీర జిల్లాల్లో. మా గజపతికి తీరం లేదు, అందుకని జాబితాలో లేదు. తుఫానుకి ఆ జాబితా సంగతి ఎవరూ చెప్పలేదు మరి.

యూనివర్సిటీలు చెయ్యాల్సిన పని ఇక్కడుంది. ఏ కొండ వాలు కింద ఏ ఊరుంది, ఏ వాలు మీద చెట్లు పోయాయి, ఎంత వాన పడితే అక్కణ్ణుంచి కదలాలి. 24 గంటల్లో 204.4 మిల్లీమీటర్లు దాటితే వాతావరణ శాఖ 'అత్యంత భారీ' అంటుంది. ఆ మాట రేడియోలో విన్న మా కొండ ఊరి సవర తాతకి అర్థం ఏంటి? బడిలో ఒక వర్షమాపకం పెట్టి, ఎర్రగీత గీసి, 'నీళ్ళు ఇక్కడికొస్తే కొండ దిగండి' అంటే అర్థమవుతుంది. జాగ్రఫీ పిల్లలు నలుగురు చాలు.

ఇచ్చాపురం_బావ
అక్టోబర్ 12 ఫైలిన్, మరుసటేడు అదే అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11 తిత్లీ. దసరాకి అల్లుడు రాకపోయినా తుఫాను మాత్రం తప్పకుండా వస్తుంది మనకి.

రసాయనం_టీచరమ్మ
@మహేంద్రగిరి_మబ్బు వర్షమాపకం మీద ఎర్రగీత... ఇది రాసుకున్నాను. మా కాలేజీ మైదానంలో ఉంది గానీ మా పిల్లల్లో పాతిక మంది దాకా గజపతి కొండల వైపు నుంచి వచ్చేవాళ్ళే. సెలవులకి ఇంటికెళ్ళేటప్పుడు చేతికిచ్చి పంపచ్చు.

డాబామీద_సోలార్
ఇంత చర్చ ఎందుకండీ, కాలేజీ డాబా మీద సోలార్ పెట్టించెయ్యండి. పీఎం సూర్యఘర్‌లో మూడు కిలోవాట్లకి 78,000 సబ్సిడీ, పైగా ఒడిశా ప్రభుత్వం ఇంకో 60,000 ఇస్తోంది. మా ఇంటికి నేనే పెట్టించాను.

లెక్కలపంతులు
ఆ పథకం ఇళ్ళకి. కాలేజీలకి రాదు. కాలేజీలు సాధారణంగా చేసేది ఇంకొకటి: కంపెనీ వాళ్ళే సొంత ఖర్చుతో పలకలు పెడతారు, మనం వాడిన యూనిట్‌కి ఇంత అని కడతాం. ఒక కిలోవాట్‌కి రోజుకి సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి, వంద చదరపు అడుగుల దాకా చోటు కావాలి. లక్షన్నరలో తేలే పని కాదు, కానీ ప్రతిపాదన రాయడానికి పైసా ఖర్చు లేదు.

డాబామీద_సోలార్
ఓహ్. ఇళ్ళకే అని తెలీక రాశాను, సారీ.

ఉప్పుగాలి
ఫైలిన్ గాలి గంటకి 200 కిలోమీటర్ల పైనే. మీ పలకలు నాలుగు బోల్టుల మీద నిలబెడితే మా పల్లె దాకా ఎగిరొస్తాయి. వచ్చినవి వెనక్కి ఇవ్వం.

డాబామీద_సోలార్
😂 మావి కాంక్రీట్ దిమ్మల్లో బిగించారు. అయినా రేపు అక్టోబర్‌లో మీ నంబర్ తీసుకుంటా.

రాత్రిడ్యూటీ_సిస్టర్
ఇక్కడ అందరూ తుఫానులే మాట్లాడుతున్నారు. తుఫాను చెప్పి వస్తుంది, టీవీలో మూడు రోజులు తిరుగుతుంది. ఎండ ఎవరికీ చెప్పకుండా చంపుతుంది. నేను స్టాఫ్ నర్సుని, ఏప్రిల్ నుంచి జూన్ దాకా వార్డులో ఏం వస్తుందో నాకు తెలుసు.

1998 ఎండాకాలంలో ఒడిశాలో 2,042 మంది వడదెబ్బకి చనిపోయారు. ఆ దెబ్బతోనే ఇక్కడ సర్కారుకి ఎండ అంటే భయం వచ్చింది. పొద్దున్న బడులు, మిట్టమధ్యాహ్నం కూలి పని ఆపమనే ఆర్డర్లు, చలివేంద్రాలు, ఆస్పత్రుల్లో వడదెబ్బ గదులు అన్నీ తర్వాత వచ్చినవే. 2015లో వడగాలినీ పిడుగునీ రాష్ట్ర స్థాయి విపత్తులుగా ప్రకటించారు. అప్పటికి ఢిల్లీవాళ్ళ విపత్తుల జాబితాలో తుఫాను ఉంది, కరువు ఉంది, వడగండ్లు కూడా ఉన్నాయి, వడగాలి లేదు.

అయితే మన తీరానికి ఇంకో చిక్కుంది. వడగాలి అని ప్రకటించాలంటే మైదానంలో 40 డిగ్రీలు, తీరంలో 37 డిగ్రీలు దాటాలి, పైగా మామూలు కన్నా నాలుగున్నర ఎక్కువుండాలి. టిట్లాగఢ్‌లో 44 అంటే పేపర్‌లో ఫొటో వేస్తారు. గోపాల్‌పూర్‌లో 35 ఉంటుంది, పేపర్‌లో ఏమీ ఉండదు. కానీ ఆ ఉక్క! చెమట పట్టి ఆరితేనే ఒళ్ళు చల్లబడేది. గాలిలోనే నీరుంటే చెమట ఆరదు, కారుతుంది అంతే. రాత్రి రెండింటికి కూడా రేకుల ఇంట్లో ముసలావిడ ఒళ్ళు కాలుతూ ఉంటుంది. థర్మామీటరు లెక్కలో అది వడగాలి కాదు.

మా చుట్టం ఒకాయన, తాపీ పని, పని దగ్గరే పడిపోయాడు. ఆ రోజు 36. పోస్టుమార్టం చేయించలేదు, ఎందుకు చేయించాలో ఇంట్లోవాళ్ళకి ఎవరూ చెప్పలేదు. దహనం అయ్యాక పరిహారం కోసం ఆఫీసుకి వెళ్తే 'రిపోర్టు లేకుండా వడదెబ్బ అని ఎలా రాస్తాం' అన్నారు. వాళ్ళ తప్పని కూడా అనలేను, రూల్ అదే. కానీ ఆ రూల్ ముందు తెలియాల్సింది ఎవరికి?

జయపురం_జానకమ్మ
సిస్టర్ గారి మాట చదివి కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు.

హాస్టల్_రూమ్_14
స్టూడెంట్‌ని. యూనివర్సిటీ ఏం చెయ్యాలని పెద్దలు అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా. మాకు మేలో పరీక్ష పది నుంచి ఒంటిగంట దాకా ఉండేది, సిమెంట్ రేకుల హాల్లో. మధ్యలో కరెంటు పోతే ఆన్సర్ షీటు మీద చెమట చుక్కలకి ఇంకు పాకేది. చిన్నపిల్లలకి ఏప్రిల్ రాగానే పొద్దున్న బడి పెడతారు, మేం మాత్రం ఉక్కు మనుషులం. నిరుడు వంద మంది సంతకాలు పెట్టి అడిగితే ఏడు గంటలకి మార్చారు. దీనికి పైసా ఖర్చు కాలేదు, సెమినార్ కూడా పెట్టలేదు.

లెక్కలపంతులు
ఇదీ పాయింటు. శభాష్ బాబూ.

థీసిస్_బూజు
రూమ్ 14 తమ్ముడూ, మీ హాల్లో లోపల ఎంత వేడుందో ఎవరైనా కొలిచారా?

హాస్టల్_రూమ్_14
లేదన్నా. 'చాలా' అని మాత్రం తెలుసు.

థీసిస్_బూజు
నాకు కడుపు మండేది ఇక్కడే. బరంపురం యూనివర్సిటీ 1967 నుంచి ఉంది. కొరాపుట్‌లో సెంట్రల్ యూనివర్సిటీ 2009లో, బరంపురంలో ఐసర్ (కేంద్రం పెట్టిన సైన్స్ విద్యాసంస్థ) 2016లో వచ్చాయి. మెడికల్ కాలేజీ, ఇంజనీరింగ్ కాలేజీలు, పర్లాకిమిడి, గుణుపురంలో ప్రైవేటు యూనివర్సిటీలు కూడా కలిపి చూడండి, ఇంత చిన్న పట్టీలో ఇంత చదువు. అయినా బరంపురంలో ఏ వార్డు రాత్రిపూట ఎక్కువ వేడిగా ఉంటుందో కాగితం మీద చూపించమంటే ఎవరి దగ్గరా చప్పున దొరకదు. నేనూ దోషినే. నా థీసిస్‌కి ఐదేళ్ళు పట్టింది, దాన్ని చదివింది ఐదుగురు, అందులో ఇద్దరు పరీక్షకులు.

డేటా అసలు లేదనుకోకండి. ఒడిశాలో బ్లాక్ వారీగా రోజువారీ వర్షపాతం ప్రత్యేక సహాయ కమిషనర్ ఆఫీసు పెడుతుంది. గోపాల్‌పూర్‌లో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది. వాతావరణ కార్యాచరణ ప్రణాళిక ఒడిశా 2010లోనే రాసుకుంది, దేశంలో ముందు రాసుకున్న రాష్ట్రాల్లో ఒకటి. 2020-21 నుంచి బడ్జెట్‌లో వాతావరణానికి వేరే పుస్తకమే ఉంది, ఏ శాఖ పథకంలో ఎంత డబ్బు దీనికి సంబంధించిందో విడిగా చూపిస్తారు. పైన అన్నీ ఉన్నాయి. కింద వార్డు దగ్గరికి, పంచాయతీ దగ్గరికి వచ్చేసరికి మొక్క, ఫ్లెక్సీ, సమోసా.

మేకపిల్ల_మాస్టారు
సమోసాని అనకండి. అదొక్కటే అందరికీ అందుతోంది.

ఇచ్చాపురం_బావ
మా ఆంధ్రాలో అయితే...

ఉప్పుగాలి
బావా, మొదలెట్టకు. గులాబ్ తుఫానుకి నీ బైకు మా ఊళ్ళోనే దాచుకున్నావు.

వార్డు_గుమస్తా
రిటైరయ్యాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నా. మున్సిపాలిటీ ఏం చెయ్యగలదంటే ముందు కాలువలు. గంటలో నాలుగు అంగుళాల వాన పడితే ఊరు మునుగుతుంది. వాన ఎక్కువైందని అందరూ ఆకాశం వైపు చూస్తారు, కాలువ మీద కట్టిన షాపు మెట్ల వైపు ఎవరూ చూడరు. నా సర్వీసులో ఒకచోట మెట్లు తీయించాం. మూడో రోజుకి మళ్ళీ కట్టారు, ఈసారి గ్రానైట్‌తో.

రెండోది చెరువులు. పాత బరంపురంలో చెరువు కళకళలాడితే చుట్టుపక్కల బావుల్లో నీళ్ళుండేవి. పూడిక తీయించడం, వాన నీళ్ళు ఇంకే గుంతలు తవ్వించడం, కాలువలు బాగుచెయ్యడం... కరోనా ఏడు 2020లో రాష్ట్రం పట్టణ పేదలకి పని కల్పించే పథకం పెట్టినప్పుడు ఇవే పనులు చేయించాం. వాతావరణం అన్న మాట ఎవరూ అనలేదు, కూలి వస్తోందని చేశారు. వాతావరణానికి అదే ఎక్కువ పనికొచ్చింది.

పల్లెల్లో అయితే డబ్బు లేదన్నది సగం నిజం. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26కి పంచాయతీలకి ఇచ్చిన దాంట్లో 60 శాతం నీళ్ళకి, పారిశుధ్యానికే ఖర్చుపెట్టాలని కట్టుబాటు పెట్టింది. అంటే చెరువు, బావి, ఇంకుడు గుంత. పల్లిసభలో, అంటే ఊరి సభలో, లేచి అడిగి రాయించాలి. పల్లిసభకి ఎంతమంది వెళ్తున్నారు మీలో?

లెక్కలపంతులు
...

ఉప్పుగాలి
...

ఇచ్చాపురం_బావ
నాకు ఓటు అక్కడ లేదు, తప్పించుకున్నా.

జయపురం_జానకమ్మ
మా కొరాపుట్ నుంచి ఒక ముక్క. మా చిన్నప్పుడు చోడి (రాగి) అంబలి అంటే కూలోళ్ళ తిండి అని బడి డబ్బాలో పెట్టనిచ్చేవాళ్ళం కాదు. ఆ చోళ్ళనే 2017లో ఒడిశా మిల్లెట్స్ మిషన్ పెట్టి మళ్ళీ పండించమన్నారు. సర్కారే మద్దతు ధరకి కొంటుంది, కొన్నిచోట్ల రేషన్‌లో కూడా ఇచ్చారు. వరికి వాన ఒక వారం లేటైతే రైతు పని అయిపోయినట్టే, చోళ్ళు ఓర్చుకుంటాయి. ఇంతకన్నా పెద్ద వాతావరణ పథకం నేను చూడలేదు, పేరులో వాతావరణం లేకపోయినా.

విత్తనాల సంగతి కూడా చెప్పాలి. మా జయపురం దగ్గర పాత్రపుట్‌లో కమలా పుజారి అమ్మ దేశీ వరి విత్తనాలు దాచింది. స్వామినాథన్ గారి ఫౌండేషన్ వాళ్ళు జయపురంలోనే ఉండి ఆవిడతో, అక్కడి ఆదివాసీ రైతులతో కలిసి పనిచేశారు. ఆవిడకి 2019లో పద్మశ్రీ వచ్చింది, 2024లో పోయింది. కొరాపుట్ వ్యవసాయ పద్ధతిని 2012లో ఐరాస ఆహార సంస్థ ప్రపంచ వారసత్వ సాగుగా గుర్తించింది. చదువుకున్నవాళ్ళు చదువుకోనివాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకోవడం అంటే నాకు అదే. మీ సెమినార్‌కి ముఖ్య అతిథిగా అలాంటి రైతునో, ఉప్పుగాలి వాళ్ళ మామ్మనో పిలవండి.

ఉప్పుగాలి
మామ్మ వస్తుంది, కానీ కోళ్ళ గంపకి కూడా కుర్చీ వెయ్యాలి.

మేకపిల్ల_మాస్టారు
శాలువా ఎవరికి? మామ్మకా, కోడికా?

రాత్రిడ్యూటీ_సిస్టర్
జానకమ్మ గారూ, వార్డులో వడదెబ్బకి వచ్చినవాళ్ళని పొద్దున్న ఏం తిన్నారని అడిగితే 'బిస్కట్, టీ' అంటున్నారు. వాళ్ళ అమ్మలు పఖాళ (నీళ్ళలో నానబెట్టిన చద్దన్నం) తిని, తరవాణి తాగి పొలానికి వెళ్ళేవాళ్ళు. అది కూడా కాగితం మీద రాయించండి టీచరమ్మా.

లెక్కలపంతులు
ఒక అభ్యంతరం. అంబలి, తరవాణి మంచివే. కానీ 'పూర్వీకులకి అన్నీ తెలుసు, అదే చాలు' అనే దారిలోకి పోకండి. 1998లో పోయిన 2,042 మందిలో పఖాళ తిన్నవాళ్ళు లేరా? నీడ, నీళ్ళు, పని వేళలు మారడం, ఇవి కావాలి. తిండి తర్వాత.

రాత్రిడ్యూటీ_సిస్టర్
ఒప్పుకుంటాను. తిండి మాత్రమే అనలేదు నేను.

థీసిస్_బూజు
టీచరమ్మా, మీరు కెమిస్ట్రీ కదా. ల్యాబ్‌లో థర్మామీటర్లు ఎన్ని ఉన్నాయి?

రసాయనం_టీచరమ్మ
ముప్పై దాకా. పది పగిలినవి.

థీసిస్_బూజు
చాలు. కొత్తవి ఇంకో పది కొనండి, పాదరసం లేనివి. ఒకచోట రెండేసి పెట్టాలి. ఒకటి మామూలుగా, రెండోదాని బుడ్డికి తడి గుడ్డ చుట్టి. తడిది ఎప్పుడూ తక్కువ చూపిస్తుంది, నీరు ఆరుతూ వేడి లాక్కుంటుంది కాబట్టి. రెండిటి మధ్య తేడా ఎక్కువుంటే మన చెమట కూడా ఆరుతుందని అర్థం. తేడా తగ్గిపోతే సిస్టర్ చెప్పిన ఉక్క. తడి గుడ్డది 35 దాకా పోతే ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా నీడలో కూర్చుని సైతం ఎక్కువసేపు తట్టుకోలేడని శాస్త్రం. అంతకన్నా చాలా తక్కువలోనే పనిచేసేవాళ్ళు పడిపోతారు.

ఎక్కడ పెట్టాలంటే: రేకుల ఇల్లు ఒకటి, డాబా ఇల్లు ఒకటి, చెట్టు కింద, చేపల బజారు, రూమ్ 14 పరీక్ష హాలు. మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి పిల్లలు రాసుకోవాలి. మార్చి నుంచి జూన్ దాకా. ఒక్క సీజన్ చాలు, వార్డు ఆఫీసులో పెట్టి మాట్లాడచ్చు.

లెక్కలపంతులు
ల్యాబ్ థర్మామీటర్లు ఒకదానికొకటి డిగ్రీ తేడా చూపిస్తాయి. ముందు అన్నిటినీ ఒకే బకెట్ నీళ్ళలో ముంచి తేడాలు రాసుకోండి, లేకపోతే మీ లెక్కలు ఎవరూ నమ్మరు. నేనే నమ్మను.

థీసిస్_బూజు
సరిగ్గా చెప్పారు. మీరే వచ్చి ముంచండి.

లెక్కలపంతులు
వస్తాను. సమోసా ఉంటుందా?

మహేంద్రగిరి_మబ్బు
మొక్కలు పూర్తిగా మానేయకండి. ఏది నాటాలో చూసుకోండి. ఒడ్డున సరుగుడు, మొగలి గాలికి అడ్డం. కొండ వాలు మీద వేళ్ళు లోతుగా దిగేవి. పిడుగుల కోసం రాష్ట్రం ఇప్పుడు తాటి నాటిస్తోంది, ఉన్న తాటి చెట్లు కొట్టద్దంటోంది. కాలేజీ గేటు దగ్గర గుల్మొహర్ నాటితే ఫొటోకి బాగుంటుంది, మొదటి గాలివానకి కారు మీద పడుతుంది.

మేకపిల్ల_మాస్టారు
తాటిచెట్టు మేకలకి అందదు. మా వాళ్ళ తరఫున నిరసన తెలియజేస్తున్నా.

రసాయనం_టీచరమ్మ
నాలుగు రోజుల తర్వాత వస్తున్నాను. ప్రిన్సిపాల్ గారితో మాట్లాడాను. ఫ్లెక్సీ మార్చడం కుదరదట, ముఖ్య అతిథి ఫొటో ఇచ్చేశారట. సెమినార్ ఉంటుంది. పరీక్ష వేళల గురించి యూనివర్సిటీకి ఉత్తరం రాస్తామన్నారు, ఆయన కూతురు కూడా ఈ ఏడే పరీక్ష రాస్తోంది, ఆ పాయింటు పనిచేసింది. సోలార్ మాట ఎత్తగానే 'తర్వాత చూద్దాం' అన్నారు.

మొక్కలు మూడొందల నుంచి అరవైకి తగ్గించాం, తాటి, వేప, మొగలి, ముళ్ళకంపతో సహా. మిగిలిన దాంట్లో థర్మామీటర్లు, పన్నెండు వర్షమాపకాలు, తెలుగు-ఒడియా కాగితాలు. కాగితాల్లో పోస్టుమార్టం సంగతి మొదటి లైనులోనే పెట్టించాను సిస్టర్. సవరలో కూడా రాయిద్దామంటే మా పిల్లల్లో ఒకమ్మాయి 'మా తాత ఏ లిపీ చదవడు మేడమ్, నేను ఫోన్‌లో మాట్లాడి రికార్డు చేసి పంపుతా' అంది. అది నాకు తట్టలేదు. ఉప్పుగాలి గారూ, మీ వైపు కూడా అలా చేద్దామా?

ఉప్పుగాలి
చేద్దాం. మామ్మ గొంతు పెడతా, సైరన్ అక్కర్లేదు.

రసాయనం_టీచరమ్మ
ఒక సాయం కావాలి. చెట్టు, డాబా, చేపల బజారు, పరీక్ష హాలు దొరికాయి. బరంపురంలో కాలువ పక్కన రేకుల ఇల్లున్నవాళ్ళు ఎవరైనా జూన్ దాకా రెండు థర్మామీటర్లు వేలాడదీయనిస్తారా?

హాస్టల్_రూమ్_14
మా పెద్దమ్మ ఇల్లు అదే మేడమ్. అడిగాను, సరే అంది. కాకపోతే ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే అదే నోట్లో పెట్టి చూస్తానంటోంది.

లెక్కలపంతులు
తడి గుడ్డది కాకుండా రెండోది పెట్టుకోమను.